సెలవుల్లో రాకెట్ ప్రయోగం చూడాలంటే: ఏ చోటు ఎవరికి కుదురుతుంది?

రాకెట్ ప్రయోగాన్ని కళ్లారా చూడాలని టూర్ వేసుకునేవాళ్లు చాలామంది ముందు రాకెట్‌ను ఎంచుకుంటారు. అన్నిటికన్నా పెద్దది ఏది, చంద్రుడి దాకా వెళ్లేది ఏది, మనుషులు ఎక్కేది ఏది అని వెతుకుతారు. నా సలహా వేరు. ముందు మీ సెలవులు లెక్కపెట్టుకోండి. రాకెట్ అనుకున్న రోజున ఎగరకపోతే ఎన్ని రోజులు ఆగగలరో తేలితే, ఎక్కడికి వెళ్లాలన్నది సగం తేలిపోయినట్టే.

ఈ రంగంలో వాయిదా చాలా మామూలు విషయం. చంద్రయాన్-2ను 2019 జూలై 15 తెల్లవారుజామున, ఇంకా 56 నిమిషాలు ఉందనగా ఆపేశారు. నిద్ర మానుకుని శ్రీహరికోట గ్యాలరీలో కూర్చున్నవాళ్లు అలాగే ఇంటిదారి పట్టారు. అది ఎగిరింది వారం తర్వాత, 22న. నాసా చంద్రుడి వైపు పంపిన ఆర్టెమిస్-1 సంగతి ఇంకా దారుణం. 2022 ఆగస్టు 29న ఆగింది, సెప్టెంబర్ 3న మళ్లీ ఆగింది, మధ్యలో తుపాన్లు వచ్చాయి, చివరికి నవంబర్ 16న అర్ధరాత్రి దాటాక ఎగిరింది. మొదటి తేదీకి టికెట్లు కొనుక్కుని వెళ్లినవాళ్లలో రెండున్నర నెలలు ఎవరాగగలరు?

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, ఆ చోటు నుంచి ఎంత తరచుగా ప్రయోగాలు జరుగుతాయన్నది. వారానికి ఒకటో రెండో ఎగిరే చోట ఒకటి తప్పినా ఇంకోటి దొరుకుతుంది. ఏడాదికి నాలుగైదు జరిగే చోట అది తప్పితే మళ్లీ నెలల మాట.

రెండోది దూరం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. టీవీలో చూసిన దానికీ అక్కడ నిలబడి చూసిన దానికీ అసలు తేడా ఇక్కడే ఉంది. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. మీరు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటే కౌంట్‌డౌన్ సున్నాకి వచ్చాక ముందు వెలుగు కనిపిస్తుంది. కెమెరాల్లో ఎప్పుడూ తెల్లటి మచ్చలా ఉండే ఆ మంట, కంటికి సూటిగా చూడలేనంత ప్రకాశంగా ఉంటుంది. రాకెట్ టవర్ దాటి పైకి లేస్తుంటుంది, ఇంకా ఏ చప్పుడూ ఉండదు. దాదాపు పద్దెనిమిది సెకన్లకు కాళ్ల కింద నేల సన్నగా అదరడం మొదలవుతుంది. ఆ వెనకే గుండెల మీద కొట్టినట్టు గర్జన వస్తుంది. రాకెట్ ఇంకా పైకి వెళ్లేకొద్దీ అదే గర్జన గట్టి గుడ్డను బర్రున చింపుతున్నట్టు పటపటమని మారుతుంది. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే శబ్దానికి నిమిషం పడుతుంది, అప్పటికే బాగా పలచబడి ఉంటుంది. చూసింది చూసినట్టే ఉంటుంది కానీ ఒంటికి తెలియదు. కాబట్టి ఎనిమిది, పది కిలోమీటర్ల లోపు చోటు దొరికితే దానికోసం కాస్త శ్రమ పడినా దండగ కాదు.

మూడోది ఇంధనం. దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు గానీ, కనిపించే దృశ్యాన్ని ఇదే మార్చేస్తుంది. ఘన ఇంధనం మండే రాకెట్లు, అంటే పీఎస్ఎల్వీ లాంటివి, చురుగ్గా లేచి వెనక దట్టమైన తెల్లటి పొగను వదిలి వెళతాయి. పగటిపూట చూడ్డానికి ఇవి బాగుంటాయి. కిరోసిన్ మండే ఫాల్కన్ 9 లాంటివాటికి పసుపు నారింజ కలిసిన పొడవాటి మంట ఉంటుంది, రాత్రి వేళ అదిరిపోతుంది. ద్రవ హైడ్రోజన్ మంట పగటి వెలుగులో కంటికి ఆనీ ఆనకుండా ఉంటుంది. అందుకే పక్కన ఘన బూస్టర్లు లేని హైడ్రోజన్ రాకెట్ పగలు ఎగిరితే చూపరులకు కొంచెం వెలితిగా అనిపిస్తుంది. మీథేన్ వాడే స్టార్‌షిప్ మంటలో నీలం, ఊదా ఛాయలు కనిపిస్తాయి.

నాలుగోది వేళ. తెల్లవారుజామున, సూర్యుడు ఇంకా లేవకముందు గానీ, అస్తమించిన కాసేపటికి గానీ జరిగే ప్రయోగాలు నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పవి. కింద మనం చీకట్లో ఉంటాం, పైన రాకెట్ ఎండలోకి వెళుతుంది. దాని పొగ ఆకాశమంతా వెలిగే తోకలా విచ్చుకుంటుంది. అలాంటి ప్రయోగం ఒకటి, పట్టపగలు జరిగేది ఒకటి ఉండి మీరు తేల్చుకోలేకపోతే, సంధ్యవేళ దానికే ఓటు వేయండి.

ఇక అనుమతి కావాలా, ముందే పేరు నమోదు చేసుకోవాలా, రాకెట్ ఎగరకపోతే ఆ ఊళ్లో చూడ్డానికి ఇంకేముంది అన్నవి మిగిలిన రెండు ప్రశ్నలు.

ఒక్క చూపులో

| చోటు | సుమారు ప్రయోగాలు (వారం అని లేకపోతే ఏడాదికి) | అనుమతి | ఎగరకపోతే |
|---|---|---|---|
| కేప్ కెనావరల్, ఫ్లోరిడా | వారానికి రెండు దాకా | బయట బీచ్‌లు, వంతెనల మీద అక్కర్లేదు. దగ్గరి గ్యాలరీకి టికెట్ | కొన్ని రోజుల్లో ఇంకోటి. మ్యూజియం, ఓర్లాండో |
| వాండెన్‌బర్గ్, కాలిఫోర్నియా | వారానికి ఒకటి దగ్గర్లో | అక్కర్లేదు | తీరం వెంట కారు ప్రయాణం |
| శ్రీహరికోట | ఐదు నుంచి ఏడు | గ్యాలరీకి ముందే రిజిస్ట్రేషన్, గుర్తింపు కార్డు | పులికాట్, నేలపట్టు పక్షులు |
| స్టార్‌బేస్, టెక్సస్ | నాలుగైదు | అక్కర్లేదు | రోడ్డు పక్కనుంచే రాకెట్‌ను చూడొచ్చు |
| తనెగషిమ, జపాన్ | మూడు నాలుగు | అక్కర్లేదు | దీవి, బీచ్‌లు, మ్యూజియం |
| కూరూ, ఫ్రెంచ్ గయానా | మూడు నుంచి ఏడు | దగ్గరి చోట్లకు ఆహ్వానం | అడవి, దీవులు |
| బైకొనూర్, కజకిస్తాన్ | మనుషులతో వెళ్లేవి రెండు | ప్రత్యేక అనుమతి తప్పనిసరి | రాకెట్ ఊరేగింపు, మ్యూజియం |

కేప్ కెనావరల్: మొదటిసారి వెళ్లేవాళ్లకు

సెలవులు తక్కువగా ఉండి, చూడకుండా తిరిగి రాకూడదనుకుంటే ఇదే. 2024లో ఇక్కడి నుంచి 90కి పైగా ప్రయోగాలు జరిగాయి. వారం రోజులు ఆ చుట్టుపక్కల ఉంటే ఏదో ఒకటి కంటపడే అవకాశం బాగా ఎక్కువ. పైగా ఓర్లాండో గంట ప్రయాణం కాబట్టి పిల్లలతో వెళ్లినవాళ్లకు రాకెట్ లేని రోజులు కూడా వృథా కావు.

ఇక్కడ అందరూ తడబడేది చోటు విషయంలో. ప్యాడ్లు, అంటే రాకెట్లు ఎగిరే వేదికలు, అన్నీ ఒక్కచోట ఉండవు, తీరం పొడవునా విసిరేసినట్టు ఉంటాయి. అందుకని ప్రయోగం ఏ ప్యాడ్ నుంచో చూసుకుని, దాన్ని బట్టి నిలబడే చోటు ఎంచుకోవాలి. 39ఏ, 39బీ ఉత్తరాన ఉన్నాయి. వాటికి టైటస్‌విల్‌లోని మ్యాక్స్ బ్రూవర్ వంతెన, స్పేస్ వ్యూ పార్క్ బాగుంటాయి. నది అవతల, సుమారు 19 కిలోమీటర్ల దూరం. ప్లాయాలిండా బీచ్ ఇంకా చాలా దగ్గర, ఏడెనిమిది కిలోమీటర్లే. కానీ అది పగలే తెరిచి ఉంటుంది, కొన్ని ప్రయోగాలకు పగలు కూడా మూసేస్తారు. 36, 40, 41 ప్యాడ్ల నుంచి అయితే దక్షిణాన ఉన్న పోర్ట్ కెనావరల్ దగ్గరి జెట్టీ పార్క్ వైపు వెళ్లడం మేలు.

కెనెడీ స్పేస్ సెంటర్ విజిటర్ కాంప్లెక్స్ కొన్ని ప్రయోగాలకు విడిగా టికెట్లు అమ్ముతుంది. అపోలో/శాటర్న్ ఫైవ్ సెంటర్ దగ్గరి గ్యాలరీ 39ఏకి ఆరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. టికెట్ కొనేముందు వాయిదా పడితే డబ్బులు తిరిగిస్తారా, ఇంకో తేదీకి మారుస్తారా అన్న నిబంధన పూర్తిగా చదవండి. ఇంకో సంగతి కూడా చూసుకోండి. ఫాల్కన్ 9 బూస్టర్, అంటే రాకెట్ కింది భాగం, అన్నిసార్లూ నేలకు తిరిగి రాదు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు మోసుకెళ్లినప్పుడు నడిసముద్రంలోని నౌక మీద దిగుతుంది, ఒడ్డు నుంచి కనిపించదు. నేల మీద దిగే ప్రయోగం దొరికితే మాత్రం వదలొద్దు. ఎగిరిన ఎనిమిది నిమిషాలకు బూస్టర్ ఆకాశంలోంచి నిలువుగా దిగుతుంది, అది నేల తాకాక ఫిరంగులు పేలినట్టు సోనిక్ బూమ్ (శబ్దం కన్నా వేగంగా రావడం వల్ల పుట్టే పెద్ద చప్పుడు) వినపడుతుంది. ఒకే టికెట్‌కి రెండు అద్భుతాలన్నమాట.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఇక్కడ ఉరుములు, మెరుపులు మామూలు. ఆ నెలల్లో వెళితే ఉదయం, లేదా బాగా రాత్రయ్యాక ఉన్న ప్రయోగాలను ఎంచుకోండి.

శ్రీహరికోట: దగ్గర్లో ఉన్నవాళ్లు ముందు ఆలోచించాల్సింది

2019లో ప్రజల కోసం గ్యాలరీ తెరిచాక ఇక్కడ చూడ్డం చాలా సులువైంది. ఐదు వేల మంది కూర్చోగలరు. రిజిస్ట్రేషన్ ప్రయోగానికి కొద్ది రోజుల ముందు షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) వెబ్‌సైట్‌లో తెరుస్తారు, పేరున్న ప్రయోగమైతే సీట్లు చూస్తుండగానే నిండిపోతాయి. కాబట్టి తేదీ ప్రకటించిన రోజు నుంచి రోజూ సైట్ చూస్తూ ఉండాలి. గుర్తింపు కార్డు లేకుండా లోపలికి పంపరు. సీటు దొరక్కపోయినా సూళ్లూరుపేట వైపు నుంచీ, పులికాట్ సరస్సు మీదుగా వెళ్లే రోడ్డు దగ్గర్నుంచీ జనం చూస్తారు. దూరం ఎక్కువే కానీ, అడ్డుగా కొండలూ మేడలూ లేని నేల కావడంతో రాకెట్ చెట్లు దాటిందంటే చాలు, కనిపిస్తుంది.

బలహీనత ఒక్కటే: సంఖ్య. ఏడాదికి ఐదు నుంచి ఏడే ప్రయోగాలు. 2025 జనవరి 29న జీఎస్ఎల్వీ-ఎఫ్15తో ఇక్కడి నుంచి వందో ప్రయోగం జరిగింది. అంటే 1979 నుంచి లెక్కేస్తే వందకు చేరడానికి 45 ఏళ్లు పట్టింది. అందుకే చాలా దూరం నుంచి దీనికోసమే రావడం కన్నా, చెన్నై, తిరుపతి, నెల్లూరు చుట్టుపక్కల ఎలాగూ తిరగాల్సిన పని ఉన్నప్పుడు తేదీ కలుపుకోవడం తెలివైన పని. చెన్నై నుంచి సూళ్లూరుపేట 80 కిలోమీటర్ల చిల్లరే, రైలు కూడా ఉంది. చలికాలంలో వస్తే పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు ఉంటాయి. ప్రయోగం ఆగిపోయినా కెమెరా పట్టుకుని వచ్చినవాళ్లు ఖాళీ చేతుల్తో వెళ్లరు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానల సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

వాండెన్‌బర్గ్: దారిలో కలిస్తే

లాస్ ఏంజిలెస్, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య కారులో వెళ్లేవాళ్లకు ఇది దారిలోనే తగులుతుంది. ప్రయోగాలు తరచుగానే ఉంటాయి, లాంపాక్ ఊరి దగ్గర రోడ్డు పక్కన నిలబడి చూడొచ్చు. చిక్కల్లా పొగమంచు. వేసవిలో సముద్రం మీంచి వచ్చి ప్యాడ్‌ను పూర్తిగా కప్పేస్తుంది. రాకెట్ మంచులోంచి ఎగరగలదు, మీకు మాత్రం చప్పుడు తప్ప ఏమీ దక్కదు. అందుకే కొందరు కొండల మీదికి, హ్యారిస్ గ్రేడ్ రోడ్డు వైపు వెళతారు. నా సలహా ఏమిటంటే, సంధ్యవేళ ప్రయోగమైతే లాంపాక్ దాకా వెళ్లకపోయినా పర్వాలేదు. రాకెట్ తీరం వెంబడి దక్షిణంగా వెళుతుంది కాబట్టి లాస్ ఏంజిలెస్ నుంచి కూడా ఆ వెలిగే తోక స్పష్టంగా కనిపిస్తుంది.

స్టార్‌బేస్: రోజులు చేతిలో ఉన్నవాళ్లకు

ఇక్కడి నుంచి ఎగిరేది స్టార్‌షిప్. ఇప్పటిదాకా ఎగిరినవాటిలో ఇదే అతి పెద్ద రాకెట్. 120 మీటర్లకు పైగా ఎత్తు, కింద 33 ఇంజిన్లు. 2024 అక్టోబర్ 13న తిరిగొచ్చిన బూస్టర్‌ను టవర్ చేతులతో గాల్లోనే పట్టుకున్న దృశ్యాన్ని సౌత్ పాడ్రే ఐలండ్ తీరాన నిలబడి చూసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ అసూయే. ఐలా బ్లాంకా పార్క్ నుంచి ప్యాడ్ సుమారు ఎనిమిది కిలోమీటర్లు, మధ్యలో నీళ్లే.

అయితే ఇది పరీక్షల దశలో ఉన్న రాకెట్. తేదీలు వారాలకు వారాలు జరుగుతాయి. మొదటిసారి 2023 ఏప్రిల్ 17న ఒక వాల్వ్ గడ్డకట్టి ఆగింది, 20న ఎగిరింది. మూడు రోజులే కాబట్టి ఆగినవాళ్లు చూశారు, ప్రతిసారీ అలా జరగదు. ఊరట కలిగించేది ఒకటుంది. దారి మూయని రోజుల్లో హైవే 4 మీద వెళితే ప్యాడ్ పక్కనుంచే వెళ్లొచ్చు. అంత దగ్గరగా, ఏ టికెట్టూ లేకుండా, అంత పెద్ద రాకెట్‌ను చూడగలిగే చోటు నాకు తెలిసి ఇంకోటి లేదు. ప్రయోగం తప్పినా దీనికోసం వెళ్లొచ్చని ధైర్యంగా చెబుతాను.

తనెగషిమ, కూరూ, వెన్‌చాంగ్

అందంలో తనెగషిమకు సాటి లేదు. ప్యాడ్ పక్కనే రాతి గట్లు, పచ్చదనం, నీలి సముద్రం. కగోషిమ నుంచి వేగంగా వెళ్లే పడవలో రెండు గంటల లోపే చేరొచ్చు. ప్రయోగం రోజున ప్యాడ్ చుట్టూ మూడు కిలోమీటర్ల దాకా మూసేస్తారు, దాని అవతల చూడ్డానికి పార్కులు ఉన్నాయి. ఇబ్బంది గదులతోనే. చిన్న దీవి, తేదీ రాగానే హోటళ్లు నిండుతాయి, వాయిదా పడితే ఇంకో రాత్రికి గది దొరకడం కష్టం. జపాన్ కొత్త రాకెట్ హెచ్3 మొదటి ప్రయోగం 2023 ఫిబ్రవరి 17న ప్యాడ్ మీదే ఆగిపోయి మార్చి 7న జరిగింది, అదీ విఫలమైంది. ఇలాంటి టెన్షన్ తట్టుకోగలిగి, జపాన్ పర్యటనలో ఆ దీవి ఎలాగూ చూడాలనుకునేవాళ్లకే ఇది.

కూరూ నుంచి ఐరోపా రాకెట్లు ఏరియాన్ 6, వేగా-సి ఎగురుతాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 2021 డిసెంబర్ 25న బయల్దేరింది ఇక్కడి నుంచే. దగ్గరగా చూసే చోట్లకు అంతరిక్ష కేంద్రం నుంచి ఆహ్వానం తెచ్చుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి. అమెజాన్ అడవి చూడాలన్న కోరిక కూడా ఉంటేనే అంత దూరం వెళ్లండి.

చైనాలో హైనాన్ దీవి మీది వెన్‌చాంగ్ దగ్గర బీచ్‌ల మీద నిలబడి వేలమంది చూస్తారు. బీచ్ సెలవులకు హైనాన్ వెళ్లేవాళ్లు తేదీలు ఓసారి చూసుకుంటే సరిపోతుంది.

బైకొనూర్: చరిత్ర మీద ప్రేమ ఉంటే

అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి గగారిన్ 1961 ఏప్రిల్ 12న బయల్దేరిన నేల ఇది. ఇక్కడికి ఊరికే వెళ్లి నిలబడటం కుదరదు. అనుమతి కోసం చాలా ముందే వివరాలు పంపాలి, టూర్ కంపెనీ ద్వారా వెళ్లాలి, ఖర్చు బాగానే అవుతుంది. కానీ ఇంకెక్కడా లేనిది ఒకటి ఇక్కడ చూపిస్తారు. ప్రయోగానికి ముందు పొద్దుపొద్దున్నే సోయజ్ రాకెట్‌ను రైలు మీద పడుకోబెట్టి నెమ్మదిగా తీసుకొచ్చి ప్యాడ్ దగ్గర నిలబెడతారు. పట్టాల పక్కన నిలబడి అది కళ్లముందు నుంచి వెళ్లడం చూడొచ్చు. సోయజ్ వాతావరణానికి పెద్దగా జంకదు, వాయిదాలు అరుదు. ఆ ధీమా మీదా పూర్తిగా ఆధారపడకూడదు: 2024 మార్చి 21న ఆఖరి క్షణాల్లో ఆగి 23న ఎగిరిన సందర్భం ఉంది. 2025 నవంబర్ 27న ప్రయోగం జరిగినప్పుడు ప్యాడ్ దగ్గరి సర్వీస్ నిర్మాణం దెబ్బతింది. డబ్బు కట్టే ముందు తాజా షెడ్యూల్ అడిగి తెలుసుకోండి, మీ దేశం ఇచ్చే ప్రయాణ హెచ్చరికలూ చూడండి.

ఎవరికి ఏది

చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు కేప్ కెనావరల్‌కే వెళ్లాలని గట్టిగా చెబుతాను. అక్కడ కూడా అర్ధరాత్రి ప్రయోగం వద్దు. మరుగుదొడ్డి, నీడ ఉన్న చోటు చూసుకోండి, ఎందుకంటే చూసేది ఐదు నిమిషాలైతే ఆగేది మూడు నాలుగు గంటలు. దగ్గరి గ్యాలరీలో అయితే పిల్లలకు చెవులు మూసే మఫ్‌లు పట్టుకెళ్లండి. పెద్దవాళ్లతో వెళితే కూర్చునే ఏర్పాటు ఉన్న శ్రీహరికోట గ్యాలరీ గానీ, విజిటర్ కాంప్లెక్స్ గానీ మేలు. వంతెన మీద గంటల తరబడి నిలబడటం వాళ్లవల్ల కాదు.

ఫొటోలు తీసేవాళ్లకు వాండెన్‌బర్గ్ సంధ్యవేళ ప్రయోగాలు, తనెగషిమ. రాకెట్ల పిచ్చి ఉండి, ఒంటరిగా, తేదీలు మార్చుకోగల టికెట్‌తో తిరిగేవాళ్లకు స్టార్‌బేస్. రెండు రోజులే సెలవు ఉన్నవాళ్లు దేనికీ విమానం ఎక్కొద్దు. దగ్గర్లో ఉన్న చోటికి రైల్లోనో కారులోనో వెళ్లి రండి.

ఆగిపోతే: ఉండాలా, వెళ్లిపోవాలా

ఇక్కడ కారణం వినడమే ముఖ్యం. వాతావరణం వల్ల ఆగితే చాలావరకు మరుసటి రోజే మళ్లీ ప్రయత్నిస్తారు. వాన చుక్క లేకపోయినా ఆపారేంటి అని విసుక్కోకండి. 1969 నవంబర్ 14న చంద్రుడి మీదికి బయల్దేరిన అపోలో 12 ఎగిరిన నిమిషం లోపే రెండుసార్లు పిడుగుపాటుకు గురైంది. మెరుపు పుట్టించగల మబ్బుల్లోంచి రాకెట్‌ను పంపకూడదన్న జాగ్రత్త అలాంటి అనుభవాల వల్ల గట్టిపడిందే. పడవో విమానమో నిషేధిత ప్రాంతంలోకి వచ్చి ఆగినా మర్నాటికి ఆశ ఉంటుంది.

భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లే నౌకల లెక్క వేరు. అవి ఫలానా క్షణంలోనే ఎగరాలి, తర్వాతి అవకాశం ఒక్కోసారి రెండు మూడు రోజులకు గానీ రాదు. 2020 మే 27న 17 నిమిషాల ముందు వాతావరణం వల్ల ఆగిన క్రూ డ్రాగన్ (వ్యోమగాములను మోసుకెళ్లే నౌక) 30న ఎగిరింది. హైడ్రోజన్ లీక్ అనో, ఇంజిన్లు వెలిగి ఆగిపోయాయనో ప్రకటన వస్తే మాత్రం వారం పైనే అనుకోండి. అప్పుడు గది ఖాళీ చేసి మిగతా సెలవులు హాయిగా గడపడమే మంచిది.

కొత్త తేదీ ప్రకటించేదాకా గది వదలకుండా ఉండాలంటే, మొదట్లోనే ఇంకో రెండు రాత్రులు కలిపి, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బుకింగ్ చేసుకోండి. తిరుగు విమానం మాత్రం ప్రయోగం రోజున పెట్టుకోకండి. రాకెట్ సమయానికి ఎగిరినా సరే, దాన్ని చూసినవాళ్లంతా ఒకేసారి కార్లు తీస్తారు. గంటలో అయ్యే దారికి మూడు గంటలు పట్టడం అక్కడ కొత్తేమీ కాదు.